గోడలు కాదు, రేవులు కావాలి

మా సికింద్రాబాదుకు నది లేదు. హుసేన్ సాగరు మాత్రం ఉంది. 1562లో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టిన ఆ చెరువుకు అవతల హైదరాబాదు, ఇవతల మేము. మొన్నొక సాయంత్రం మా అన్నయ్య మనవరాలిని వెంటబెట్టుకుని నెక్లెస్ రోడ్డుకు షికారు వెళ్ళాను. కోనసీమలో గోదావరి పాయ పక్కన పెరుగుతున్న పిల్ల, ఏడేళ్ళది. కటకటాల దగ్గర నిలబడి కాసేపు నీళ్ళవంక చూసి, "చిన్నతాతయ్యా, రేవెక్కడ?" అని అడిగింది. టిక్కెట్టు కొనుక్కుని పడవ ఎక్కే చోటు చూపించాను. "అది కాదు, కాళ్ళు కడుక్కునే చోటు" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఈ చెరువు నీళ్ళలో ఎవరూ కాళ్ళు పెట్టరమ్మా అని చెప్పి, ఆ మాట అన్నందుకు నాలో నేనే సిగ్గుపడ్డాను.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దాని ఫలితమే ఈ టపా.

రేవు అన్నది మన భాషలో చాలా పాత మాట, చాలా పనులు చేసిన మాట. చాకిరేవు, పడవరేవు, స్నానాలరేవు, గొడ్లరేవు, సముద్రం దాకా పోతే ఓడరేవు. ఎవరినైనా చెడామడా తిడితే "చాకిరేవు పెట్టాడు" అంటాం. కాని ఆ మాటలో ఇమిడిన నిర్మాణజ్ఞానాన్ని మనం ఎన్నడూ పట్టించుకున్నట్టు లేదు. రేవు ఇరుకైనది. ఊళ్ళోంచి వచ్చే దారి ఏటిని తాకే చోట, వాలు మెత్తగా ఉన్న చోట, నాలుగు బారల మేర రాళ్ళు పరిస్తే అది రేవు. ఈ రేవుకూ ఆ రేవుకూ మధ్య గట్టు గట్టుగానే ఉంటుంది. అక్కడ తుంగ, జమ్ము, రెల్లు, కానుగచెట్లు, వాటిలో పిట్టలు, వాటి వేళ్ళలో చేపపిల్లలు. మనుషుల తొక్కిడి అంతా రేవు దగ్గర పడుతుంది కనుక మిగిలిన గట్టు బతికిపోతుంది. నీటిని చేరుకోవడమూ, గట్టును కాపాడుకోవడమూ రెండు వేరు పనులు కావనీ, మొదటిది సరిగ్గా చేస్తే రెండోది చాలావరకు అదే జరిగిపోతుందనీ మన పూర్వులకు తెలుసు.

ఇప్పుడు మూసీ విషయానికి వస్తాను. ఈ రేవు మాట అత్యవసరంగా కావలసింది అక్కడే.

అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఈ నది 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచేసింది. పదిహేను వేలమంది పోయారని సాధారణంగా చెప్పే లెక్క. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవారి కథ మన నగరంలో తెలియనివారుండరు. ఆ విపత్తు తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఊరికి ఎగువనే ఆపే జలాశయాలు, ఊళ్ళో నదికి ఇరువైపులా ఎత్తు చేసిన గట్లు, వాటి వెంట విహారస్థలాలు ఆయన సూచనల్లోనివే. 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ కాలంలో ఊరి రూపురేఖలు మారాయి. నదికి చెరో ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి.

ఆ గోడలను నేను తప్పుపట్టను. వేలమంది శవాలను చూసిన ఊరు గోడ కట్టుకోవడం సహజం. కాని గోడ ఒక మాట నేర్పుతుంది: నది అవతలిది, మనం ఇవతలివాళ్ళం అని. ఎగువన జలాశయాలు నీటిని ఆపేశాక నదిలో ప్రవాహం సన్నగిల్లింది. ఆ ఖాళీని ఊరి మురుగు నింపింది. ఎండి కనిపించిన నదీగర్భం ఖాళీ స్థలంగా తోచింది. పేదవాడు గుడిసె వేసుకున్నాడు. ప్రభుత్వం మాత్రం తక్కువ తిన్నదా? నదిపాయల నడుమనున్న ఇమ్లీబన్‌లో ఏకంగా మహాత్మాగాంధీ బస్సు స్టేషను కట్టింది. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ ఆ బస్సు స్టేషనులోకి నడిచి వచ్చింది. ప్రయాణికులను రాత్రివేళ బయటకు చేర్చవలసి వచ్చింది. నది తన చోటు మరచిపోలేదు. మరచిపోయింది మనమే.

ఇక నేటి సంగతి. మూసీ నదీతీర అభివృద్ధి సంస్థ 2017లో ఏర్పడింది. ఊరి పొడవునా సుమారు 55 కిలోమీటర్ల మేర నదిని బాగుచేయాలన్నది సంకల్పం. మొదటి దశ జంట జలాశయాల దగ్గరనుంచి, రెండు పాయలూ కలిసే బాపూఘాట్ వరకు. గోదావరి నీటిని ఈ జలాశయాలకు తెచ్చే పనికి 2025లో శంకుస్థాపన కూడా జరిగింది. నదిని బాగుచేస్తామంటే కాదనడానికి నేనెవరిని? నా భయమల్లా ఆ "తీరాభివృద్ధి" అనే మాటను ఎలా అర్థం చేసుకుంటారన్నదే.

మన దేశంలో ఆ మాట వినగానే అందరికీ అహమ్మదాబాదులోని సబర్మతి గుర్తొస్తుంది. ఒక్కొక్క ఒడ్డున 11 కిలోమీటర్లకు పైగా కాంక్రీటు గోడ, దానిమీద నడకదారి. వెడల్పు ఒకేరీతిగా ఉండేలా నదిని సరిచేశారు. అందులో నిలిచే నీరు నర్మదా కాలువది. దిగువన వాస్నా బరాజు దాన్ని ఆపి ఉంచుతుంది. చూడడానికి శుభ్రంగానే ఉంటుంది, కాదనను. కాని అది నది కాదు, పొడవాటి కోనేరు. 2024లో మన మంత్రులు, పాత్రికేయులు చూసివచ్చిన సియోల్‌లోని చంగ్యెచన్ వాగు కథా ఇంచుమించు అంతే. రహదారి వంతెనను కూలగొట్టి 2005లో తెరిచిన ఆ వాగు 6 కిలోమీటర్లకు లోపే. అందులో పారేది ప్రధానంగా హాన్ నదినుంచి మోటార్లతో తోడిపోసే నీరు. అక్కడ అడుగడుగునా నీళ్ళ దగ్గరకు దిగే వీలుంది, ఆ మేరకు మెచ్చుకోవలసిందే. అయినా సియోల్ వాగు కొలతతో మూసీకి చొక్కా కుట్టిస్తే పట్టదు.

గట్టును పొడవునా రాయితోనో కాంక్రీటుతోనో బిగిస్తే ఏమవుతుంది? నున్నటి గోడ పక్కన నీటి వేగం పెరుగుతుంది. పెరిగిన వేగం అడుగును తవ్వుతుంది, గోడ పునాదిని కొరుకుతుంది. గోడ అయిపోయిన చోట దిగువ ఊరి మట్టిగట్టు మీద పడుతుంది. నేలలోని నీటికీ నదిలోని నీటికీ మధ్య రాకపోకలు తెగిపోతాయి. జమ్ము లేదు, నీడ లేదు, చేప గుడ్డు పెట్టే మూల లేదు. వరదను ఒక ఊరు తోసేస్తే అది మాయమైపోదు, పక్క ఊరికి పోతుంది. హైదరాబాదు తోసిన నీరు నల్లగొండ రైతు చేలోకి చేరుతుంది. ఇప్పటికే మన మురుగును మోస్తున్నవాడికి మన వరదను కూడా బహూకరించడం న్యాయమేనా?

ఇక్కడ ఎదుటి పక్షం మాట కూడా చెప్పాలి. విజయవాడ మిత్రులు "కృష్ణలంక సంగతేమిటి?" అని తప్పక అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2024 సెప్టెంబరులో ప్రకాశం బరాజు దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు కృష్ణలంకను కాపాడింది అక్కడి రక్షణగోడే. ఆ గోడ లేకపోతే ఎన్ని కుటుంబాలు నీట మునిగేవో! కాని అదే వారం అదే ఊరిని ముంచింది కృష్ణ కాదు, పక్కనున్న బుడమేరు. ఏళ్ళ తరబడి చోటు కుదించిన వాగు అది. గోడ నిలబెట్టిన చోటు ఒకటి, చోటు లేక మునిగిన ప్రాంతం ఒకటి, రెండూ ఒకే ఊళ్ళో. నాకు తోచిన నీతి ఇది: ఇళ్ళు దగ్గరగా ఉండి, కదల్చడానికి వీలులేని చోట గోడ కట్టండి. అది మందు. మందును రోజూ అన్నంలా వడ్డించకండి.

గోడ తీసేసి బాగుపడిన ఊరు కూడా ఉంది. జర్మనీలోని మ్యూనిక్ నగరం 2000 నుంచి 2011 వరకు, ఊళ్ళోని ఈజర్ నది మీద 8 కిలోమీటర్ల మేర పాత కట్టడాలను తొలగించి, నదికి వెడల్పు ఇచ్చి, గులకరాళ్ళ తీరాలను తిరిగి రానిచ్చింది. వరదరక్షణ కూడా ఆ పథకం లక్ష్యాల్లో ఒకటి. వేసవిలో జనం అక్కడ ఈతలు కొడతారు. ఈజర్ ఆల్ప్స్ కొండలనుంచి వచ్చే నది, మూసీ దక్కను పీఠభూమి ఏరు. రెంటినీ ఒకే తాడున కట్టలేం. అరువు తెచ్చుకోవలసింది గులకరాళ్ళను కాదు, క్రమాన్ని: ముందు నదికి చోటు, తరువాత మనిషికి దారి.

నిజానికి మన ఏళ్ళకు రేవే ఎక్కువ తగినది. ఏడాదిలో ఎనిమిది నెలలు అడుగంటి, నాలుగు రోజులు ఊళ్ళమీదికి వచ్చే నదులు మనవి. ఒకే ఎత్తున కట్టిన నడకదారి వేసవిలో నీటికి అందనంత పైన ఉంటుంది, వరదలో మునిగిపోతుంది. మెట్లకు ఆ చిక్కు లేదు. నీరు ఎంత ఎత్తున ఉన్నా ఏదో ఒక మెట్టు దాన్ని తాకుతూనే ఉంటుంది. వరదలో నాలుగు మెట్లు మునిగితే అది ప్రమాదం కాదు, వార్త.

కనుక నా వినతి ఇది. మొదట వరద ఎంతవరకు వస్తుందో గీత గీసి, ఆ గీత లోపల పచ్చికబయళ్ళు, చెట్లు, ఆటస్థలాలు మాత్రమే ఉంచాలి. మునిగినా మరునాటికి తేరుకునేవే అక్కడ ఉండాలి. మిగిలిన గట్టు మట్టివాలుగానే ఉండి, వట్టివేరు, వెదురు, జమ్ము దాన్ని పట్టుకోవాలి. నది మెలిక తిరిగి కోసే వెలుపలి ఒడ్డున అడుగుభాగంలో మాత్రం పెద్ద రాళ్ళు పేర్చవచ్చు. ఇప్పటికే నదివైపు పోతున్న ప్రతి సందు చివరా ఒక చిన్న రేవు ఉండాలి, పక్కనే చక్రాల కుర్చీ దిగే వాలు ఉండాలి. ఒక్క బ్రహ్మాండమైన ఘాటు వద్దు. 2015 జులై 14న గోదావరి పుష్కరాల తొలినాడు రాజమహేంద్రవరంలో ఒకే రేవు దగ్గర తొక్కిసలాటలో 27 మంది పోయిన సంగతి మరువరానిది. జనాన్ని ఒకచోట పోగుచేసే వైభవం కన్నా పదిచోట్లకు పంచే సాదాతనం మేలు. జలాశయాలకూ బాపూఘాట్‌కూ మధ్య చాలాచోట్ల ఇంకా మట్టిగట్లే ఉన్నాయి. అక్కడ తప్పు చేయకుండా ఉండే అవకాశం ఇంకా మన చేతుల్లో ఉంది.

"మురుగులోకి రేవులెందుకయ్యా?" అని మీరు నవ్వవచ్చు. నిజమే, మురుగు శుద్ధి కాకుండా ఎవరినీ నీళ్ళలోకి దింపకూడదు. అందుకే అంటున్నాను, మొదట మురుగు, ఆపైన రేవు, గోడ అన్నిటికన్నా చివర. మన వాళ్ళు ఈ వరుసను తిరగేస్తారు. గోడ ఫొటోలో పడుతుంది, మురుగుకాలువ పడదు. పైగా ఒకసారి కట్టిన గోడను కూల్చేవాడు మన దేశంలో ఇంకా పుట్టలేదు. మరొక మాట. నీటిదాకా దిగే మనిషి నదికి సాక్షి. వాసన మారినా, చేపలు తేలినా మొదట గమనించేది అతడే. గోడమీద నడిచేవాడికి నది ఒక దృశ్యం మాత్రమే.

చివరగా, బరువైన సంగతి. 2024 సెప్టెంబరు చివర నదీగర్భంలోని ఇళ్ళగోడల మీద ఎర్రరంగు గుర్తులు పడ్డాయి. కొందరు రెండు పడకగదుల ఇళ్ళకు తరలివెళ్ళారు, కొందరు వెళ్ళలేమని ఏడ్చారు. మరుసటి ఏటి వరద చూశాక, నది నడిగర్భంలో ఎవరూ ఉండరాదన్న మాటను నేను కాదనలేను. కాని పేదవాణ్ణి నదికోసమని లేపిన చోటు నదికే దక్కాలి. అక్కడ రేపు అద్దాల మేడ లేస్తే, టిక్కెట్టు పెట్టిన విహారవనం వెలిస్తే, అతణ్ణి లేపింది నదికోసం కాదన్నమాట. ఆ కుటుంబం ఏ పండగనాడో తిరిగి వచ్చి, పైసా ఇవ్వకుండా, ఎవరినీ అడగకుండా, కాళ్ళు తడుపుకుని పోగలగాలి. నదీతీరం అభివృద్ధి అయిందా లేదా అని తేల్చడానికి నాకు ఇంతకుమించిన కొలబద్ద కనపడలేదు.

మనవరాలు వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. ఆ పిల్లకు నేను సమాధానం బాకీ ఉన్నాను. మిత్రులారా, మీ మీ ఊళ్ళలో మీరు దిగిన రేవుల పేర్లు, వాటి తీరు, ఇప్పుడు అవి ఎలా ఉన్నాయో వ్యాఖ్యల్లో రాయండి. గోడల నమూనాలు ఎక్కడైనా దొరుకుతాయి. రేవుల నమూనాలు మన జ్ఞాపకాల్లోనే మిగిలాయేమోనని నా బెంగ.