కొల్లాపూర్‌కు చిన్న కెమెరా చాలు

కట్టడాల ఫోటోలు తీయాలంటే పెద్ద కెమెరా, మూరెడు లెన్సు, మూడు కాళ్ళ స్టాండు ఉండి తీరాలని మన మిత్రుల్లో చాలామంది నమ్మకం. ఈ నమ్మకంతో నేను ఏకీభవించను. జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరాతోనే కొల్లాపూర్‌కు చేయదగ్గ మేలు ఎంతో ఉందని నా అభిప్రాయం.

19వ శతాబ్దంలో రాజా దీన్‌దయాళ్ ఆరవ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరుగా ఎన్నో భవనాల చిత్రాలు తీశాడు. ఆనాటి బరువైన కెమెరాలకు, గాజు పలకలకు ప్రభువుల అండ కావలసి వచ్చింది. ఈనాడు ఒక విద్యార్థికి ఆ అండ అవసరం లేదు.

మన ఊరు సురభి వంశీయుల జటప్రోలు సంస్థానానికి రాజధాని. వారి రాజభవనం ఇక్కడే ఉంది. కృష్ణ ఒడ్డున మంచాలకట్టలో ఉండిన మాధవస్వామి ఆలయం శ్రీశైలం ప్రాజెక్టు ముంపు వల్ల ఇక్కడికి తరలివచ్చింది. సోమశిల సోమేశ్వరాలయం కూడా ముంపు తప్పించుకుని ఎత్తైన చోటికి చేరింది. ఇలా ఒక గుడిని తరలించాలంటే రాళ్ళకు అంకెలు వేసి, విప్పి, మళ్ళీ పేర్చాలి. ముందే తీసుకున్న కొలతలు, పటాలు, ఫోటోలే ఆ పనికి ఆధారం.

మరి ఆ ఊళ్ళలోని ఇళ్ళ సంగతేమిటి? 1981 ప్రాంతంలో శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. మట్టి మిద్దెలకు, అరుగులకు, చెక్కిన దర్వాజలకు అంకెలు వేసినవారు లేరు. దేవుడి గుడికి దొరికిన పునర్జన్మ మనిషి ఇంటికి దొరకలేదు. ఆ వాకిళ్ళను మనుమలకు చూపించాలంటే ఎంతమంది దగ్గర ఒక్క ఫోటో ఉంది?

ఇప్పుడు పాత ఇల్లు పోవడానికి వరద రానక్కరలేదు. మిద్దె కూలగొట్టి స్లాబు వేసుకునేవారిని నేను తప్పు పట్టను. వానకు కారే కప్పు కింద పడుకునేది వాళ్ళు, ఫోటో తీసే మనం కాదుగదా! కూల్చేముందు నాలుగు ఫోటోలు తీసిపెడదామనే నా మనవి.

పని పెద్ద కష్టమేమీ కాదు. కెమెరాను పైకెత్తితే గోడలు వాలినట్టు పడతాయి. కాస్త వెనక్కు జరిగి నిటారుగా పట్టుకోవాలి. శిల్పాలకు ఉదయం, సాయంత్రం పడే ఏటవాలు ఎండ మంచిది. దర్వాజ పక్కన ఒక మనిషిని నిలబెడితే ఎత్తు తెలుస్తుంది. అన్నిటికన్నా ముందు "అవ్వా, మీ దర్వాజ ఒక ఫోటో తీసుకుంటనే" అని అడగాలి. పెద్ద కెమెరా చూస్తే "సర్వేకొచ్చిన్రా?" అని జంకే అవ్వ, చిన్నదాన్ని చూసి నవ్వి, ఇంటి కథ కూడా చెబుతుంది. ఆ కథా రాసుకోవాలి.

సెల్‌ఫోన్ ఉండగా ఇదెందుకంటారా? ఫోన్‌తో తీసినా నాకు అభ్యంతరం లేదు. అయితే జూమ్ లెన్సున్న చిన్న కెమెరా గోపురం మీది బొమ్మను చెక్కుచెదరకుండా దగ్గరకు తెస్తుంది. ఏది వాడినా ఫోటో అక్కడే మిగిలిపోకూడదు. ప్రింటు తీయించి వెనుక ఊరు, వీధి, తేదీ రాయాలి.

మన విద్యార్థి సంఘం ఏడాదికొక ఆల్బమ్ తయారుచేసి గ్రంథాలయంలో ఉంచాలని కోరుతున్నాను. ప్రతి విద్యార్థి తన వీధిలోని ఒక్క పాత ఇంటిని తీసినా చాలు.