పొగలేని పొగాకూ, పసలేని ప్రచారమూ

ఆకర్షణ ముఖ్యమా, విషయం ముఖ్యమా అన్న తగాదా మన సాహిత్యంలో చాలా పాతది. తేలిపోయిందనుకున్న ఆ తగాదా మొన్న రాజమండ్రిలో మా యింటి అరుగుమీద మళ్లీ లేచింది. ఈసారి కవిత్వం పేరున కాదు, వేపింగు పేరున.

ఇక్కడి కాలేజీల్లో చదివే కుర్రవాళ్లు ఆరుగురు కాగితాల కట్టతో మా యింటికి వచ్చారు. వాళ్లలో ఇద్దరు ఒకప్పుడు నా దగ్గర పాఠం విన్నవాళ్లే. ఇంటర్నెట్టులో వారానికొకటి చొప్పున వీడియో కార్యక్రమం తీస్తారట. విషయం వేపింగు. బ్యాటరీతో వేడెక్కే చిన్న తీగచుట్ట, అది ఆవిరిగా మార్చే నికొటిన్ ద్రవం, ఆ ద్రవంలో పళ్ల వాసన. ఇదీ సరుకు. పొగ ఉండదు, నిప్పు ఉండదు, బూడిద రాలదు. “మాస్టారండీ, స్క్రిప్టు ఒకసారి చూసిపెట్టండి” అన్నారు. చూశాను. నేను చెప్పింది వాళ్లకు నచ్చలేదు. వాళ్ల జవాబు నాకు నచ్చలేదు. ఈ కుర్రవాళ్లు మనవాళ్లు కనకనే వాదన ఇంతటితో వదలదలచుకోలేదు.

ముందు వాళ్ల ప్రణాళిక చెబుతాను. మొదటి ముప్పై సెకన్లు చీకటి గది, నీలం దీపం. ఒక యువకుడు నోటినుంచి ఆవిరి ఉంగరాలు ఒకదానిలోంచి ఒకటి వదులుతాడు. తరవాత మామిడి, పుదీనా, పుచ్చకాయ రుచులమీద సరదా ముచ్చట. తరవాత గోదావరి గట్టుమీద పదిమందిని ఆపి మైకు పెట్టి అడగడం. చివర ఒక డాక్టరు ఒక్క నిమిషం. ఆపైన “మానండి” అన్న అట్ట. అంతా కలిపి ఎనిమిది నిమిషాల చిల్లర.

ఎనిమిదే ఎందుకని అడిగాను. 2020 జూలైనుంచి యూట్యూబులో ఎనిమిది నిమిషాల వీడియో మధ్యలో వ్యాపార ప్రకటనలు పెట్టుకోవచ్చునట, అంతకు ముందు పది నిమిషాలు కావలసివచ్చేదట. అంటే కథ ఎంత పొడుగుండాలో కథ నిర్ణయించలేదు, ప్రకటనలు అమ్ముకునేవాడు నిర్ణయించాడు. ఇక కథలో ఏముండాలో కూడా వాడే నిర్ణయిస్తే ఆశ్చర్యమేముంది?

“ఆకర్షణ లేకపోతే ఎవడు చూత్తాడండీ?” అన్నాడొక కుర్రాడు. న్యాయమైన ప్రశ్నే. ఎవరూ చూడని కార్యక్రమంవల్ల లాభం లేదు. ఐతే వాళ్ల ప్రణాళికలో ఆకర్షణ ఏ పక్షాన ఉందో చూడండి. వెలుగు, సంగీతం, నవ్వు, నైపుణ్యం, యౌవనం అన్నీ సరుకు పక్షాన నిలిచాయి. నిజం పక్షాన ఒక్క డాక్టరు, తెల్లకోటు, ఒక్క నిమిషం. ఏడు నిమిషాలు సరుకు చూపించి ఒక నిమిషం వద్దనడం ప్రచారమే, సందేహం లేదు. ఎవరికి ప్రచారమన్నదే ప్రశ్న. డబ్బు పుచ్చుకోకుండా కంపెనీకి చాకిరీ చేయడం మన కుర్రవాళ్లకు తగునా? మన దేశంలో 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా వచ్చి ఆ డిసెంబరులో చట్టమైన నిషేధం, ఈ సరుకు తయారీనీ అమ్మకాన్నీ నిలవనీ మాత్రమే కాదు, వాడకాన్ని ప్రోత్సహించే ప్రకటనను కూడా నేరమంది. చట్టం సంగతి అలా ఉంచినా, మన బుద్ధికి తోచవద్దా?

ఇది కొత్త ఎత్తుగడ కూడా కాదు. కన్యాశుల్కంలో గిరీశం వెంకటేశానికి చెప్పిన చదువులో పట్టుబడింది చుట్ట కాల్చడమొక్కటే. గిరీశం చుట్ట మంచిదని వాదించి ఊరుకోడు. చుట్ట కాల్చనివాడు నాగరికుడు కాడనిపిస్తాడు. అదే పని 1929లో న్యూయార్కులో ఎడ్వర్డ్ బెర్నేస్ సిగరెట్టు కంపెనీ పక్షాన చేశాడు. ఈస్టరు ఊరేగింపులో ఆడవాళ్లచేత సిగరెట్లు వెలిగింపించి వాటికి స్వేచ్ఛాజ్యోతులని పేరు పెట్టించాడు. 2015లో జూల్ అనే అమెరికా కంపెనీ పడుచువాళ్ల బొమ్మలతో రంగురంగుల ప్రకటనలు వేసి తన వేపును బజారులోకి దింపింది. ఆ సరుకు పిల్లల చేతుల్లోకి వెళ్లింది. 2022లో ముప్పై పైచిలుకు రాష్ట్రాలతో సుమారు 44 కోట్ల డాలర్లకు రాజీపడవలసివచ్చింది. ఈ ముగ్గురూ అమ్మింది నికొటిన్ అని నేననను. పెద్దవాణ్ణయిపోయానన్న భ్రమ అమ్మారు, నికొటిన్ దాని వెంట వచ్చింది. మన కుర్రవాళ్ల నీలం దీపం ఆ భ్రమనే మళ్లీ వెలిగిస్తున్నది.

ఇక రెండోవైపు నీతిబోధకులున్నారు. ఇక్కడి కాలేజీ ఒకదానిలో వ్యసన వ్యతిరేక దినం జరిపారు. నన్నూ పిలిచారు, వెళ్లాను. గంటసేపు శీలం గురించి ఉపన్యాసాలు సాగాయి. వెనక వరసల పిల్లలు ఫోన్లు చూసుకున్నారు. నికొటిన్ గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. వ్యసనమంటే మనిషి స్వభావంలోని లోపమని తేల్చితే, దాన్ని తయారుచేసి అమ్మేవాడు కనపడకుండా పోతాడు. కంపెనీకి ఇంతకంటె హాయి లేదు. నీలం దీపం వ్యాపారికి చేసే సేవా, ఈ ఉపన్యాసం చేసే సేవా వేరు వేరు దారుల్లో ఒకే కొట్టుకు చేరుతాయి.

మూడోది అబద్ధం. మంచిపనికోసం ఆడే అబద్ధమైనా సరే, అబద్ధమే. స్క్రిప్టులో ఒకచోట “అమెరికాలో వేపింగువల్ల 68మంది చచ్చిపోయారు” అని రాశారు. అంకె నిజమే. 2019లో చెలరేగిన ఊపిరితిత్తుల జబ్బుతో 2020 ఫిబ్రవరినాటికి 2,807మంది ఆస్పత్రుల పాలయ్యారు, లేదా చనిపోయారు, చనిపోయినవారు 68మంది. కాని ఆ రోగుల్లో ఎక్కువమంది పీల్చింది గంజాయి సారం కలిపిన దొంగసరుకు. అందులో కలిపిన విటమిన్ ఇ అసిటేటుకే ఆ జబ్బుతో గట్టి సంబంధం కనిపించింది. ఈ రెండో సగం మింగేస్తే ఏమవుతుంది? పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఆ సాయంత్రమే అసలు సంగతి చదువుకుంటాడు. ఆపైన మనం చెప్పిన నిజాలను కూడా నమ్మడు. ఏళ్ల తరబడి సిగరెట్టు తాగేవాడు పూర్తిగా దాన్ని మాని వేపుకు మారితే హాని తగ్గుతుందని ఇంగ్లండు వైద్యులంటున్నారు. ఆ మాట దాచవద్దు. దాని పక్కనే ఇంకో మాట చెప్పండి: ఎన్నడూ సిగరెట్టు ముట్టని పిల్లవాడికి తగ్గడానికి ఏ హానీ లేదు, కొత్తగా తగిలించుకునే దాస్యమే ఉంది. ఆ ఇంగ్లండే 2025 జూన్ 1న వాడి పారేసే వేపుల అమ్మకాన్ని నిషేధించింది. నిజం మన పక్షానే ఉన్నప్పుడు దాన్ని సగం కోసి చూపించడం దేనికి?

ఇంతకంటె పెద్ద లోపం, ఆ ఎనిమిది నిమిషాల్లో గోదావరి గట్టు ఉంది గాని గోదావరి లేదు. గట్టుమీదనుంచి కనపడే లంకలు ఏమిటి? ఏటా వరద తీసి ఒండ్రు వదిలిన ఆ దీవుల్లో పండే లంకపొగాకు లోకమంతటికీ తెలుసు. కానన్ డాయిల్ 1890లో అచ్చువేసిన నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిద చూసి ఆనవాలు పట్టగల చుట్టల్లో మన లంకచుట్ట ఒకటి. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ రాజమండ్రిలో వెలసింది. ఎగువ మెట్టలో జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి ప్రాంతాల్లో వర్జీనియా పొగాకు పండుతుంది, వేలం కేంద్రాల్లో అమ్ముడవుతుంది. ఇంత పొగాకు మధ్య కూచుని, నికొటిన్ అనేది ఎవరో విదేశీయులు సీసాలో పెట్టి పంపిన పదార్థమన్నట్టు స్క్రిప్టు రాయడం ఎలా సాధ్యమైంది? 1828లో జర్మనీలో రసాయనికులు పొగాకునుంచి వేరుచేసిన పదార్థమది. వేపుల్లో పోసే నికొటిన్ చాలామట్టుకు ఇప్పటికీ పొగాకునుంచి తీసిందే.

ఇక్కడ నా సంగతి చెప్పకపోతే నేనూ ఆ నీతిబోధకుల వరసలో కూచోవలసివస్తుంది. మా నాన్న కౌలుకు తీసుకున్న లంకలో పొగాకు వేశాడు. నా ఫీజులు ఆ ఆకు కట్టింది. ఆ ఆకు చుట్టే ఆయన ఊపిరి తీసింది. చివరి రెండేళ్లు దగ్గుతో అరుగుమీదే పడుకున్నాడు. అందుచేత పొగాకు రైతును దోషిగా నిలబెట్టే కార్యక్రమానికి నేను సంతకం పెట్టలేను, పొగాకును ముద్దుచేసే కార్యక్రమానికీ పెట్టలేను.

మా వీధిలో ఒకామె మెట్టకు కూలికి వెళ్లి ఆకు విరిచేది, కర్రలకు అల్లేది. ఈ చర్చ వింటూ “వేపంటే మంచిదే కదండీ, పళ్లు తోముకుంటాం” అంది. అందరం నవ్వాం. వేపు అంటే ఏమిటో చెప్పాక ఆమె నవ్వలేదు. “ఆ రసమాండి! మంచు తడిసిన ఆకు పొద్దున్నే విరిత్తే తల తిరిగి వాంతులయ్యేయి. అదేనాండి పిల్లలు పీల్చేది?” అంది. అదే. తడి ఆకునుంచి నికొటిన్ చర్మంగుండా ఒంట్లోకి దిగితే వచ్చే జబ్బు అది. పట్నంలో పిల్లవాడు పుచ్చకాయ వాసనతో లోపలికి లాగేదీ, పొలంలో ఆడకూలి చేతులగుండా ఎక్కేదీ ఒకటే పదార్థం. ఈ ఒక్క సంగతి కెమెరాముందు ఆమె తన నోటితో చెబితే, మీ ఆవిరి ఉంగరాలకంటె ఎక్కువమంది చూడరని ఎవరన్నారు?

“నిషేధం ఉందిగదా, ఇంకేం?” అనే మిత్రులు మన పత్రిక పాఠకుల్లో కూడా ఉన్నారు. నిషేధాన్ని నేను వ్యతిరేకించను. కాని అది ఏం నిషేధించిందో చూడాలి. వేపు నేరమైంది; సిగరెట్టు, బీడీ, గుడ్డు పెట్టిన పెట్టుబడి చెక్కుచెదరలేదు. 2016–17 సర్వే లెక్కన దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం ఏదో రూపంలో పొగాకు వాడేవాళ్లే. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో పేరుతో పుట్టిన ఐటీసీలో పెద్ద వాటాదారు బ్రిటిష్ అమెరికన్ టొబాకో. అదే సంస్థ బయటి దేశాల్లో వ్యూజ్ పేరున వేపులమ్ముతుంది. మన ప్రభుత్వరంగ జీవితబీమా సంస్థకూ ఐటీసీలో వాటాలున్నాయి. జీవితాన్ని బీమా చేసే డబ్బు సిగరెట్టులో లాభం వెతుక్కుంటున్నది. పోలీసు పట్టుకునేది మాత్రం పాన్ కొట్టు కుర్రవాణ్ణి. తొలి నేరానికి ఏడాదిదాకా జైలు, లక్షదాకా జరిమానా వాడికి రాసిపెట్టి ఉంది. ఈ వ్యవస్థ చూపని వీడియో ఎంత ఆకర్షకమైనా పసలేనిదే.

ఇదంతా నేను ఆవేశంగా చెప్పాను. అప్పటిదాకా ఒక మూల కూచుని మాట్లాడని కుర్రాడు, వెళ్లేటప్పుడు వెనక ఉండిపోయాడు. “మాస్టారండీ, నేను పీలుత్తానండి. ఏడాది అయింది. మానాలనుంది. వాళ్ల కథలో నేను లేను, మీరు చెప్పినదాంట్లోనూ లేనండి” అన్నాడు. హాస్టలు ఖర్చుకు ఇంటినుంచి పంపే డబ్బులో ఎంత దీనికి పోతున్నదో చెప్పాడు. పొలం తాకట్టుపెట్టి పంపుతున్న డబ్బది. నాకు మాట తోచలేదు. పెట్టుబడిమీద గంటసేపు మాట్లాడినవాణ్ణి, ఎదురుగా కూచున్న దాని బాధితుణ్ణి గుర్తించలేకపోయాను. ఇది నా తప్పు, ఇక్కడ ఒప్పుకుంటున్నాను. వాడికి 2018నుంచి సిగరెట్టు పెట్టెలమీద అచ్చవుతున్న 1800-11-2356 ఉచిత సలహా నంబరు రాసిచ్చాను. అది చాలదని ఇద్దరికీ తెలుసు. రెండోరోజునుంచి వాడు సాయంత్రాలు మా అరుగుమీదికి వస్తున్నాడు. నాలుగు రోజులు ముట్టలేదు, ఐదోరోజు ముట్టాడు, ఆరోరోజు మళ్లీ వచ్చాడు.

అంచేత మిత్రులకు నా ప్రణాళిక ఇది. ఐదు భాగాలు తీయండి. మొదటిది లంకలో: ఆకు ఎవరు నాటారు, ఎవరికెంత మిగిలింది. రెండోది మెట్టలో: ఆకు విరిచే చేతులు, బ్యారన్లలో కాలే కట్టెలు. మూడోది శరీరంలో: పీల్చిన నికొటిన్ క్షణాల్లో మెదడుకు చేరి ఎలా హాయినిస్తుంది, మర్నాటికి ఆ హాయినే అప్పుగా ఎలా వసూలుచేస్తుంది. నాలుగోది కంపెనీ లెక్కల్లో. ఐదోది మానదలచినవాడితో, వాడి ముఖం చూపకుండా, వాడు ఓడిపోయిన ఐదోరోజుతో సహా. ప్రతిదీ ఎంత పొడుగు కావాలంటే అంతే ఉండాలి. మూడు నిమిషాలైతే మూడు, ఇరవై ఐతే ఇరవై. ఉంగరాలు వదిలే దృశ్యం ఒక్కటి కూడా వద్దు.

ఆకర్షణ మాటా? 1874లో వివేకవర్ధని మొదలుపెట్టిన వీరేశలింగం లంచగొండులను వెక్కిరిస్తే, ప్రహసనాలు రాస్తే, జనం ఎగబడి చదివారు. తమ ఊరి బండారం అందులో కనిపించింది కనక చదివారు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను ఎత్తుకున్నది తంబురా మోతకోసం కాదు. వింటున్న రైతుకు తన అప్పూ తన భూమీ అందులో వినిపించాయి. మనిషికి తన బతుకును మించిన ఆకర్షణ లేదు. దాన్ని చూపించే ధైర్యం లేనప్పుడే నీలం దీపం కావలసివస్తుంది.

కుర్రవాళ్లు స్క్రిప్టు వెనక్కి తీసుకుపోయారు. మారుస్తామనీ అనలేదు, మార్చమనీ అనలేదు. మూల కూచున్న ఆ కుర్రాడు మాత్రం ఐదోభాగం తను రాస్తానన్నాడట. ఆ ఒక్కటి రాస్తే చాలు, మిగతా నాలుగూ దానివెంట వస్తాయి.