నారు పోసినవారే నీరు పోయవలెను

మిరపకోతల కాలములో రొంపిచెర్ల పరిసరపు చేల వెంట ఉదయమున నడచినవారికి ఒక దృశ్యము తప్పక కంటబడును. గట్టుమీది వేపకొమ్మకు పాతచీర ఉయ్యాల, అందులో పసిబిడ్డ, ప్రక్కన ఊపుచున్న ఏడెనిమిదేండ్ల అక్క. తల్లి సాళ్ల నడుమ కాయలు కోయుచుండును. బిడ్డకు ఎండయు, మిరపఘాటును తప్పవు. అక్కకు బడి తప్పిపోవును.

ఆ అక్క పెరిగి పెద్దదై కళాశాలకు వచ్చిన తరువాత కూడ ఆ ఉయ్యాలత్రాడు ఆమె చేతిని విడువదు. కోతల దినములలో తరగతికి రాని ఒక విద్యార్థినిని కారణమడిగితిమి. "అమ్మీ కూలికి పోయింది సార్, తమ్ముణ్ణి ఎవరు చూస్తారు?" అన్నది. ఆ ప్రశ్నకు మావద్ద సమాధానము లేకపోయినది. అది ఆమె ఇంటి సమస్య మాత్రమే కాదు, సమాజము సమాధానము చెప్పవలసిన ప్రశ్న అని మా అభిప్రాయము.

ప్రభుత్వము ఏమియు చేయలేదని మేము అనము. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకము ప్రారంభమైనది. ఇంటి ముంగిలి అను అర్థముగల 'ఆంగన్' అను మాటనుండియే అంగన్‌వాడి పుట్టినది. మూడేండ్లు నిండిన పిల్లలకు ఆటపాటలు, భోజనము అచట లభించుచున్నవి. కాని మూడేండ్లు నిండని బిడ్డకు ప్రధానముగా ఇంటికిచ్చు పోషకాహారమే దక్కుచున్నది. తల్లి చేనినుండి తిరిగివచ్చువరకు ఆ బిడ్డను ఎత్తుకొను చేతులేవి?

ఆ చేతులకొరకే 2006లో రాజీవ్ గాంధీ జాతీయ క్రెష్ పథకము వచ్చినది. 2017లో దాని పేరును, ఖర్చు పంపకమును మార్చిరి. 2022లో 'పాల్నా' అను పేరుతో మిషన్ శక్తిలో చేర్చిరి. ఒకప్పుడు దేశమున 20 వేలకు మించియున్న కేంద్రములు 2020 నాటికి 7 వేల లోపునకు దిగజారినవి. పేరు మారినప్పుడెల్ల నిధుల దారి మారినది. నిధులు ఆగినచోట తలుపులు మూతబడినవి. బిడ్డ ఆకలి మాత్రము ఏ ఆర్థిక సంవత్సరము కొరకును ఆగదు.

పిల్లలను సాకువారి స్థితియు అట్లే యున్నది. మన రాష్ట్రములో అంగన్‌వాడి కార్యకర్తలు 2023 డిసెంబరు 12 మొదలు 42 దినములు సమ్మె చేసిరి. నాటికి కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000 రూపాయలు ముట్టుచుండెను. దానికి గౌరవ వేతనమని పేరు! వారికి గ్రాట్యుటీ హక్కు కలదని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పవలసివచ్చినది. సాకు తల్లికే నిలకడ లేనప్పుడు సాకబడు బిడ్డకు నిలకడ ఎచ్చటిది?

అమ్మమ్మలు, నానమ్మలు లేరా అని కొందరు అందురు. కూలి యింట వారును కూలికి పోవువారే. జకాత్, సదకా, చందాలతో నడుపరాదా అని మరికొందరు అందురు. దానము ఉత్తమమైనదే, కాని అది దాత కలిమిని, మనసును బట్టి వచ్చును. బిడ్డకు పాలు ప్రతిదినము కావలెను. దానము ఒక గదిని కట్టగలదు, ఏటేటా ఆ గదిని నడుపగలది ప్రజాధనమే. పిల్లలను చూచుట కూడ పనియేనని 2005 నాటి ఉపాధి హామీ చట్టము గుర్తించినది. పనిచోట అయిదుగురు చిన్నపిల్లలున్నచో ఒక స్త్రీని వారి రక్షణకు నియమించి ఆమెకును కూలి ఇయ్యవలెనని శాసించినది. చేనిగట్టునకు ఆ న్యాయము ఏల వర్తింపరాదు?

కావున మేము కోరునవి మూడు. గ్రామ శిశు సంరక్షణకు బడ్జెటులో ప్రత్యేక పద్దు ఉండవలెను. ధరలు పెరిగినకొలది అదియు పెరుగవలెను. సాకువారికి నెలనెలా జీతము అందవలెను. కేంద్రము వేళలు కార్యాలయపు గడియారమును గాక, కూలి వేళలను అనుసరింపవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన విద్యార్థులచేత ఊరూరా మూడేండ్లలోపు పిల్లల లెక్క తీయించి, ఆ పట్టికను అధికారులకు సమర్పించుదము. లెక్క లేని బిడ్డకు పద్దు రాదు.

నారు పోసినవాడు నీరు పోయడా అని మన పెద్దలు దైవముపై భారము వేసిరి. సాగరు కుడి కాలువ క్రింద బ్రతుకువారము మనము. ఒక తడి అందకున్న మిరపతోట ఏమగునో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1975లో నారు పోసినది ప్రభుత్వమే. నీరు పోయవలసిన బాధ్యతయు దానిదే. ఆ నీటిని అడిగి తెచ్చుకొను బాధ్యత మనది.