మొటిమల చికిత్సలో మొదటి నెల

మొటిమలకు వైద్యుడు వ్రాసియిచ్చిన లేపనమును వాడ మొదలిడిన రెండు మూడు వారములలో కొందరికి మొటిమలు తగ్గుటకు మారుగా హెచ్చును. మందు వికటించినదని తలచి వారు దానిని మూలబెట్టుదురు. ఈ తొందరపాటు మొటిమకంటె ఎక్కువ కీడు చేయుచున్నది.

ట్రెటినాయిన్, అడాపలీన్ అను మందులు విటమిన్ 'ఎ' వర్గమునకు చెందినవి. మొటిమ పైకి కనబడుటకు చాల ముందుగనే చర్మరంధ్రమునందు జిడ్డును మృతకణములును కలిసి బిరడావలె అడ్డుపడి యుండును. ఈ మందులు ఆ బిరడాలను వదలించును. అప్పుడు లోపల దాగియున్నవి కొన్ని ఒక్కసారిగ పైకి తేలవచ్చును. సాధారణముగ ఇది కొలది వారములలో శాంతించును. గుణము స్పష్టముగ కనబడుటకు 8 నుండి 12 వారములు పట్టును.

ఓపిక పట్టలేనివారు, ముఖ్యముగ పెండ్లిచూపులు దగ్గరపడిన యువతులు, ఎవరో చెప్పిన స్టెరాయిడ్ క్రీమును కొని పూయుచున్నారు. నాలుగు దినములు ముఖము నునుపుదేరును. పిదప చర్మము పలుచబడి ఎర్రబారును. మానినంతనే మొటిమలు మునుపటికంటె ఎక్కువగ లేచును. పలు స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వము కట్టడి చేసినది. కొనువారు కూడ జాగ్రత్తపడిననే ఆ కట్టడి ఫలించును.

ఓర్పు అనగా బాధను మౌనముగ భరించుట కాదు. రాత్రి ముఖము కడుగుకొని, తడి ఆరిన పిమ్మట, బఠాణీగింజంత మందును ముఖమంతటికి పలుచగ పూయవలెను. మంట కలిగినచో వైద్యుని సలహాపై రోజు విడిచి రోజు వాడవచ్చును. చర్మము పొడిబారినచో జిడ్డులేని మాయిశ్చరైజరు రాయవలెను. పగలు ఎండ తగులకుండ చూచుకొనవలెను. మొటిమలను గిల్లరాదు, నలుగుపిండితో రుద్దరాదు. తీవ్రమైన దురద, వాపు, బొబ్బలు, నొప్పిగల పెద్ద గడ్డలు వచ్చినచో అది ఓర్చుకొనదగినది కాదు. వెంటనే వైద్యునికి చూపవలెను. గర్భిణులును, గర్భము ధరింపగోరు స్త్రీలును ఈ మందులను వాడరాదు. ఆ సంగతి వైద్యునికి ముందే తెలుపవలెను.

ఇందు వైద్యుల బాధ్యతయు కలదు. మొదట కొంత హెచ్చవచ్చునని చీటి వ్రాయునాడే చెప్పినచో రోగి బెదరడు. చెప్పనిచో, ఎంత మంచి మందైనను సగములోనే ఆగిపోవును. వైద్యుడు చెప్పుట మరచినచో రోగియే అడిగి తెలిసికొనవలెను.