ఇంటి సంగతులు: బట్టల సోడా

సోడా అనే మాట ఒకటే గాని, ఇంట్లోకి వచ్చే సోడాలు రెండు. ఒకటి వంట సోడా, రెండవది బట్టల సోడా. ఇతర భాషలవారి నడుమ కాపురముంటున్న మనకు ఈ పేర్లతో మరికాస్త చిక్కు. తమిళనాట వంటలో వేసేదాన్ని ఆప్పసోడా అనీ, ఉతుకుకు వాడేదాన్ని సలవై సోడా అనీ అంటారు. మహారాష్ట్రలో ఒకటి ఖాణ్యాచా సోడా, మరొకటి ధుణ్యాచా సోడా. కొట్లో ఉత్త "సోడా" అని అడిగి పొట్లం కట్టించుకు వస్తే, ఆ తెల్లని పొడి ఏదో చూపుతో పోల్చలేము. నాలుకమీద వేసుకుని తేల్చుకుందామనుకోవడం అసలే కూడదు. అనుమానం తగిలిన పొట్లాన్ని వంటకు వాడకండి.

వంట సోడా సోడియం బైకార్బొనేటు, బట్టల సోడా సోడియం కార్బొనేటు. రెండవది చాలా ఘాటైన క్షారం. విచిత్రమేమిటంటే, మొదటిదాన్ని బాగా వేడిచేస్తే బొగ్గుపులుసు వాయువూ, నీటి ఆవిరీ పోయి రెండవదే మిగులుతుంది. బజ్జీల పిండిలో సోడా ఎక్కువైతే సబ్బు రుచి తగిలేది ఇందుకే. అప్పడాల పిండిలో కలిపే క్షారమూ ఈ జాతిదే గదా, బట్టల సోడా వేస్తేనేం అని కొందరు అడుగుతారు. తిండికని శుద్ధిచేసి అమ్మేది వేరు, ఉతుకుకని అమ్మేది వేరు. ఆ పొదుపు మనకు వద్దు.

మన పెద్దల కాలంలో బట్టలు ఉడకబెట్టడానికి చవుడు వాడేవారు. వేసవిలో చవిటి నేలలమీద తెల్లగా పొంగే ఆ మన్నులో ఉన్న గుణం ఈ క్షారానిదే. మహారాష్ట్రలో, బుల్ఢాణా జిల్లాలో, ఉల్క పడి ఏర్పడిన లోణార్ సరస్సు నీళ్ళలోనూ ఇది ఉన్నది. ఇప్పుడు ఉప్పు, సున్నపురాయి, అమ్మోనియాల సాయంతో కార్ఖానాలలో చేస్తున్నారు. ఈ పద్ధతిని 1861లో రూపొందించినవాడు బెల్జియం దేశస్థుడు సాల్వే. మన దేశంలో గుజరాతులోని మిఠాపూరు దీనికి పేరుపొందిన చోటు.

ఇక వాడుక. కొన్ని ఊళ్ళ బోరునీళ్ళలో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, తెల్లని తెట్టు మాత్రం తేలుతుంది. ఆ నీళ్ళలో కరిగి ఉన్న సున్నపు, మెగ్నీషియపు లవణాలు సబ్బును తినేస్తాయన్నమాట. బకెట్టు నీళ్ళలో ఒకటి రెండు చెంచాల సోడా కరిగించి కాసేపు ఉంచితే ఆ లవణాలు అడుగుకు దిగుతాయి. సబ్బు ఆ తరువాత. ముందే సబ్బు వేసి, నురగ రాలేదని పైన సోడా చల్లితే, పోయిన సబ్బు తిరిగి రాదు. బజారులో దొరికే ఉతుకు పొడులలో చాలావాటిలో సోడా ఉండనే ఉంటుంది. వాటికి మళ్ళీ కలపనక్కరలేదు.

పలుకులుగా ఉన్న సోడాలో నూటికి 63 పాళ్ళు నీరే. గాలి తగిలితే ఆ నీరు పోయి పొడి అవుతుంది, అదే తూకానికి ఘాటు పెరుగుతుంది. కాబట్టి పలుకుల కొలత పొడికి పనికిరాదు.

నూలు బట్టలు దీన్ని ఓర్చుకుంటాయి గాని పట్టు, ఉన్ని ఓర్చుకోవు. పెళ్ళి పట్టుచీరను ఈ నీళ్ళ దరికి చేర్చకండి. పసుపు మరక ఎర్రబడితే కంగారు వద్దు. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అయినట్లే ఇదీను. అల్యూమినియం గిన్నెల్లో దీన్ని కాచకూడదు, లోహాన్ని తింటుంది.

సీసాపై పేరు రాసి, పిల్లలకు అందని చోట, వంటింటి అలమారకు దూరంగా పెట్టండి. కంట్లో పడితే వెంటనే కనీసం పదిహేను నిమిషాలు మంచినీళ్ళు ధారగా పోసి కడిగి వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. పిల్లవాడు మింగితే నోరు కడిగించి ఆసుపత్రికి తీసుకుపోవాలి. కక్కించవద్దు, విరుగుడని నిమ్మరసం పట్టవద్దు.

పండుగలు వస్తున్నాయి గనుక ఇంకొక్కటి. నల్లబడ్డ వెండి కుందులకు గాజు లేక పింగాణీ గిన్నెలో అల్యూమినియం రేకు పరచి, రేకుకు తగిలేటట్లు కుందులు పెట్టి, కొంచెం సోడా కలిపిన వేడినీళ్ళు పోయండి. నలుపు చాలావరకు వదులుతుంది. రాళ్ళు, ముత్యాలు పొదిగినవాటిని మాత్రం అందులో వేయకండి.