మన బండి మసి ఎవరి పాలు?

మన ఇళ్లలోని డీజిలు కార్లు చాలావరకు బడికి, మస్జిదుకు, బజారుకు తప్ప దూరం వెళ్లవు. ఇంజిను పూర్తిగా వేడెక్కకముందే ఆపివేస్తాం. మసి పేరుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువులను తగ్గించడానికి, ఇ.జి.ఆర్. వాల్వు పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజినులోకి పంపుతుంది. ఆ పొగలోని మసి ఆయిలు ఆవిరితో కలిసి, గాలి వెళ్లే గొట్టాలలో జిగటగా అంటుకుంటుంది. అప్పుడు బండి లాగదు, డీజిలు ఖర్చు పెరుగుతుంది.

2020 ఏప్రిల్ నుండి వస్తున్న బి.ఎస్.-6 డీజిలు కార్లలో సాధారణంగా మసిని పట్టే ఫిల్టరు కూడా ఉంటుంది. అందులో చేరిన మసి సుమారు 600 డిగ్రీల వేడిలో కాలిపోతుంది. కాబట్టి అప్పుడప్పుడూ ఇరవై నిమిషాలపాటు హైవేపై నిలకడైన వేగంతో నడపాలి. కంపెనీ పుస్తకం చెప్పిన రకం ఆయిలునే గడువులోగా మార్చాలి. గాలి ఫిల్టరును పట్టించుకోవాలి. మసి ఇప్పటికే పేరుకొని ఉంటే, వాల్వును విప్పించి శుభ్రం చేయించాలి.

వాల్వు మూసివేయమని, ఫిల్టరు తీసివేయమని కొందరు మెకానిక్కులు సలహా ఇస్తారు. మన ఖర్చు తగ్గవచ్చు. కాని ఆ మసి పొరుగింటి పిల్లల ఊపిరితిత్తులకు చేరుతుంది. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా విభాగం 2012లో ప్రకటించింది. బాటలోని ముల్లును తొలగించడం కూడా విశ్వాసంలో భాగమేనని నేర్చుకున్నవాళ్లం మనం. ఆ బాటపైనే విషం వదలడం మనకు తగునా?