సీనియర్ వెళ్ళిపోతే సర్వర్ కూడా పోవాలా?

పోయిన జూన్‌లో మా క్లబ్ వెబ్‌సైట్ పడిపోయింది. పాత సంచికలన్నీ అందులోనే ఉన్నాయి. సర్వర్ ఎవరు పెట్టారా అని ఆరా తీస్తే, రెండేళ్ల కిందట పాసైపోయిన ఒక అన్న అని తెలిసింది. ఫోన్ చేస్తే, "అప్పుడెప్పుడో ఏవేవో కమాండ్లు కొట్టినాను కదప్పా, ఇప్పుడు నాకే గుర్తులేదు" అన్నాడు. తప్పు ఆయనది కాదు. రాసిపెట్టమని మేమెవరమూ అడగలేదు. మూడు రాత్రులు కూర్చుని కొత్త సర్వర్ పెట్టుకున్నాం. రెండు సంచికలు మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

అందుకే నేను చెప్పేది ఒకటే. ఏటా బ్యాచ్ మారిపోయే చోట సర్వర్ సంగతి ఒకరి బుర్రలో ఉండకూడదు, ఫైల్లో ఉండాలి.

రాసిపెట్టడం మన సీమకు కొత్తేమీ కాదు. పక్కనున్న కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించారు. కట్టించినవాళ్ళు పోయినా ఆ లెక్క మిగిలింది.

శాసనం చెరువు కట్టలేదు. టెర్రాఫామ్ ఫైల్ మాత్రం సర్వర్‌ని కట్టగలదు. ఎలాంటి మెషిన్ కావాలో, ఏ పోర్టులు తెరిచి ఉండాలో అందులో రాస్తాం. 'ప్లాన్' అంటే ఏమేం మారబోతున్నాయో చూపిస్తుంది. 'అప్లై' అంటే మార్చేస్తుంది. ఆ ఫైల్ గిట్‌లో ఉంటుంది. ఎవరైనా మార్పు పంపితే జెంకిన్స్ గానీ గిట్‌హబ్ యాక్షన్స్ గానీ ప్లాన్ నడిపి అందరి ముందు పెడుతుంది. ఇంకొకరు చూసి సరే అన్నాకే అప్లై. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అన్నీ గిట్ హిస్టరీలో ఉంటాయి. పాస్‌వర్డులు మాత్రం గిట్‌లో పెట్టకండి, వాటికి వేరే సీక్రెట్స్ స్టోర్ ఉంది.

"చిన్న సైట్‌కి ఇంత హంగామానా?" అని మా రూమ్మేట్ నవ్వాడు. చేత్తో చేసే పనిలో ఒక్కటి మర్చిపోతే ఏమవుతుందో 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్‌కి తెలిసొచ్చింది. 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ వేయడం మర్చిపోయారు. 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

అలాగని మెషిన్‌ని గుడ్డిగా నమ్మమనను. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్ దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. పైప్‌లైన్ మంచిని ఎంత వేగంగా పంచుతుందో తప్పునూ అంతే వేగంగా పంచుతుంది. ప్లాన్‌ని మనిషి చదివి తీరాలి.

ఇంకో మాట. ఫైల్ ఉంటే ఇల్లు మళ్ళీ లేస్తుంది గానీ ఇంట్లో సామాను రాదు. మా రెండు సంచికలు పోయింది బ్యాకప్ లేకే. ఆ పని విడిగా చేసుకోవాల్సిందే.

ఈసారి ఫైనలియర్ వాళ్ళు వెళ్ళేలోపు ఒక ఆదివారం కూర్చుందాం. జూనియర్లు ఆ ఫైల్‌తో కొత్త సర్వర్ లేపాలి. అన్నలు, అక్కలు పక్కనే ఉండాలి, కీబోర్డ్ మాత్రం ముట్టకూడదు. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఫైల్లో ఏదో రాయలేదని అర్థం. అది రాశాకే ఫేర్‌వెల్ బిర్యానీ.